డయాలసిస్ దారిలో మాకు తోడొచ్చిన సంఘం: నా అనుభవం

ఆపరేషన్ అంటే చుట్టాలు, స్నేహితులు, పనిచేసే చోట తెలిసినవాళ్ళు అందరూ ముందుకొస్తారు. ఎంత కావాలో ఒక లెక్క ఉంటుంది, ఎప్పటికి అయిపోతుందో ఒక తేదీ ఉంటుంది. పనిచేయని కిడ్నీల బదులు మిషన్‌తో రక్తాన్ని శుభ్రం చేసే డయాలసిస్‌కి ఆ రెండూ ఉండవు. కిడ్నీ మార్పిడి జరిగితే అప్పటిదాకా, జరగకపోతే బతికున్నంత కాలం, వారానికి మూడుసార్లు వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి.

మా ఆయన టైలర్. బీపీ చాలా ఏళ్ళుగా ఉంది. ఒంట్లో ఏ బాధా తెలియకుండానే కిడ్నీలను తినేసే జబ్బు అది. ప్రపంచంలో చాలా చోట్ల కిడ్నీలు పోవడానికి షుగరు, బీపీ ముఖ్య కారణాలు. కాళ్ళ వాపు వచ్చి, కుట్టు మిషన్ పెడల్ తొక్కలేక, రాత్రి పడుకుంటే ఊపిరాడక ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రెండు కిడ్నీలూ పోయాయని చెప్పారు. వెంటనే మెడ దగ్గర కాథెటర్ అనే గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు.

మొదట్లో సాయానికి కొదవ లేదు. మా అన్నయ్య డబ్బు పంపాడు, ఆడపడుచు వచ్చి పిల్లల్ని చూసుకుంది, ఆయనతో పనిచేసినవాళ్ళు తలా కొంత వేసుకుని తెచ్చిచ్చారు. వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. కానీ నెలలు గడిచేకొద్దీ ఫోన్లు తగ్గాయి. వాళ్ళ తప్పేమీ లేదు. ఎవరి సంసారాలు వాళ్ళవి, ఎవరి అప్పులు వాళ్ళవి. ఆగని జబ్బుకు ఆగని సాయం కావాలి. అది ఏ ఒక్క ఇంటివల్లా అయ్యే పని కాదు. ఈ మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను, ఎందుకంటే మమ్మల్ని నిలబెట్టింది పెద్ద విరాళం ఏదీ కాదు. మా చుట్టుపక్కల వాళ్ళు పెట్టుకున్న ఒక చిన్న సంఘం.

ఆ సంఘం మనిషి నాకు డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కలిసింది. రిటైరైన నర్సు, అందరూ అక్కా అనే పిలుస్తారు. పక్కన కూర్చుని ముందుగా అడిగిన మాట, "ఎల్లుండి ఎలా వస్తారమ్మా?" అని. జబ్బు ఎలా వచ్చింది, ఎంత ఖర్చయింది, ఇవి అప్పటికి ఎంతమంది అడిగారో! ఎల్లుండి సంగతి మాత్రం అడిగినవాళ్ళు లేరు. నా దగ్గర సమాధానం లేదు. ఆటోకి ఎక్కడ అప్పు అడగాలా అని అప్పటిదాకా లోపల లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను.

మందులు కొనలేకపోవడం, మిషన్ దొరక్కపోవడం ఎలాంటి కష్టాలో అందరికీ తెలుసు. దారి ఖర్చు గురించి అంతగా ఎవరూ మాట్లాడరు. చాలా చోట్ల డయాలసిస్ ఖర్చు ప్రభుత్వమో బీమానో భరించినా, రానూపోనూ ఖర్చు రోగిదే. తోడు వెళ్ళేవాళ్ళ కూలి పోవడం దానికి అదనం. వెళ్ళేటప్పుడు ఎలాగో బస్సులో వెళ్తారు. వచ్చేటప్పుడు బీపీ పడిపోయి, కాళ్ళు పట్టేసి, నిలబడలేని స్థితిలో ఉంటారు. ఆ మనిషిని కిక్కిరిసిన బస్సులో ఎలా ఎక్కించాలి? అందుకే డబ్బు లేనివాళ్ళు వారానికి మూడు చేయించుకోవాల్సింది రెండుకు తగ్గించుకుంటారు. మానేసిన ఆ ఒక్కరోజు ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుంటాయి. పొటాషియం హద్దు దాటితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

ఆ వారంలోనే అక్క, సంఘంలోని ఒక మాస్టారు కలిసి మా ఇంటికి వచ్చారు. ఆదాయం ఎంత, అప్పు ఎంత అని మొదలుపెడతారనుకుని నేను కాగితాలు తీసి పెట్టుకున్నాను. అక్క మాత్రం, "మందులన్నీ ఒకచోట పెట్టమ్మా, చూద్దాం" అంది. అల్మారాలోవి, ఆయన దిండు కిందవి, నా పర్సులోవి అన్నీ తెచ్చి చాప మీద పోశాను. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు స్ట్రిప్పులు ఉన్నాయి. గడువు దాటినవి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఉన్నాయి. అలాంటి నొప్పి మాత్రల్లో చాలావరకు కిడ్నీలకు చేటు చేస్తాయి. అక్క వాటిని పక్కకు పెట్టి, డాక్టరుకు చూపించకుండా ముట్టుకోవద్దంది. ఇంకో డబ్బా చేతిలోకి తీసుకుని, "ఇవి ఎప్పుడు వేసుకుంటున్నారన్నా?" అని మా ఆయన్ని అడిగింది. అవి ఫాస్ఫరస్ కోసం ఇచ్చిన మాత్రలు. ఆయన పొద్దున్నే ఖాళీ కడుపున మిగతావాటితో కలిపి వేసుకునేవాడు. అవి తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని బయటికి పంపేవి కాబట్టి తినేటప్పుడే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే వాటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అన్నాళ్ళూ అంత ఖరీదైన మందు ఊరికే పోయింది. రాసిచ్చిన చోట గాని, అమ్మిన చోట గాని ఆ ఒక్క ముక్క చెప్పేంత తీరిక ఎవరికీ లేకపోయింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. అక్క ఏ మందునూ మార్చలేదు, డోసు తగ్గించలేదు, ఆపలేదు. తనకు వచ్చిన అనుమానాలన్నీ ఒక కాగితం మీద ప్రశ్నలుగా రాసి, "డాక్టరుగారి దగ్గర ఇవి వరసగా అడుగు, ఆయన చెప్పింది పక్కనే రాసుకో" అని నా చేతిలో పెట్టింది. సంఘంలో అదొక కట్టుబాటు. వైద్యం డాక్టరుది, తోడు సంఘానిది. పసర్లు, పొడులు, ఎవరికో తగ్గిందని విన్న వైద్యాలు అక్కడ ఎవరూ చెప్పకూడదు. మంచి మనసుతో చెప్పినా సరే. డయాలసిస్ మానేసి అలాంటివి నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మాస్టారి పని కాగితాలు. ఆయన ఒక ఫైలు తయారుచేయించాడు. మొదటి పేజీలో పేరు, బ్లడ్ గ్రూప్, ఏ జబ్బులున్నాయి, ఏ మందు పడదు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, ఎవరికి ఫోన్ చేయాలి. తర్వాత డిశ్చార్జి కాగితం, కొత్త రిపోర్టులు పైన, పాతవి కింద. చివర్లో గుర్తింపు కార్డు, ఆదాయం పత్రం, రేషన్ కార్డు జిరాక్సులు. ఆఫీసులో ఒక కాగితం తక్కువైందని తిప్పి పంపితే పేదవాడికి ఒక రోజు కూలి పోతుంది. డయాలసిస్ మనిషికైతే ఆ రోజు ఒంట్లో ఉన్న కాస్త ఓపికా పోతుంది. ప్రభుత్వ సాయానికి మా దరఖాస్తు ఒకచోట చాలాకాలం కదలకుండా పడి ఉంది. మాస్టారు నాతో వచ్చి, గొంతు పెంచకుండా, దరఖాస్తు నంబరు చెప్పి, ఏది తక్కువైందో రాసివ్వమని మాత్రం అడిగాడు. రాతలో అడిగేసరికి తక్కువైంది ఏమీ లేదని తేలింది. చదువుకున్న మనిషి ఒకడు పక్కన నిలబడితే కౌంటరు అవతలివాళ్ళ మాట తీరు మారడం నేను కళ్ళారా చూశాను. అలా మారకూడదు. కానీ మారుతుంది, అందుకే ఆ తోడు అవసరం.

ఇక రానూపోనూ ఏర్పాటు. సంఘంలో సొంత ఆటో ఉన్నవాళ్ళు ఇద్దరు, కారున్న ఒక ఉద్యోగి, ఒక స్కూలు వ్యాన్ డ్రైవరు ఉన్నారు. ఒకే దారిలో ఉన్న రోగుల్ని కలిపి, ఒకే షిఫ్టులో వేయమని డయాలసిస్ సెంటర్ ఇన్‌ఛార్జిని బతిమాలి ఒప్పించారు. ఇదే వాళ్ళు చేసిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనదని నేను అనుకుంటాను. షిఫ్టులు కలిస్తే ఒక్క బండి నలుగురికి సరిపోతుంది, ఒక్క తోడు మనిషి నలుగురినీ చూసుకోగలడు. మిగతా ముగ్గురి ఇంటివాళ్ళూ పనికి పోవచ్చు. నేను మళ్ళీ పనిలో చేరగలిగింది అందువల్లే. డీజిల్ ఖర్చు సంఘం భరిస్తుంది, డ్రైవర్లు తమ పనికి కూలి తీసుకోరు.

మా ఆయనది మంగళ, గురు, శనివారాలు. శనివారం తర్వాత మళ్ళీ మంగళవారం దాకా మిషన్ ఉండదు. ఈ పెద్ద విరామం చివర్లోనే డయాలసిస్ మనుషులకు ప్రమాదం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. సోమ, బుధ, శుక్రవారాల వాళ్ళకైతే ఆ గండం ఆదివారం రాత్రి. కాబట్టి మాకు సోమవారం సాయంత్రం ఒక ఫోన్ వస్తుంది. చేసేది డిగ్రీ చదువుకునే ఒక అమ్మాయి. "అన్నా, బరువెంత? ఆయాసం ఉందా? పడుకుంటే ఊపిరాడుతోందా? పాదాలు నొక్కితే గుంట పడుతోందా?" ఇంతే అడుగుతుంది, రాసుకుంటుంది. బరువు బాగా పెరిగినా, ఆయాసం ఉన్నా వెంటనే అక్కకు చెబుతుంది. ఒకసారి అలాగే ఆయన గొంతులో తేడా ఆ అమ్మాయి పట్టుకుంది. ఆయన ఏమీ లేదన్నాడు, నేనూ అలసట అనుకున్నాను. ఆ రాత్రికి రాత్రే తీసుకెళ్ళి ఎమర్జెన్సీలో డయాలసిస్ చేయించారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. తెల్లారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు మాకు నెమ్మదిగా చెప్పాడు.

డబ్బు సంగతికి వస్తాను. సంఘానికి పెద్ద దాతలు లేరు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, చిన్న దుకాణాలవాళ్ళు నెలనెలా ఇచ్చే కొద్దిపాటి చందాయే ఆధారం. ఈ పద్ధతికి వాళ్ళు కేరళను చూపిస్తారు. అక్కడ 1993లో కోజికోడ్‌లో నొప్పి ఉపశమనం కోసం మొదలైన సొసైటీ నుంచి, తర్వాత మలప్పురం వైపు ఊరూరా వాలంటీర్ల జట్లు పుట్టుకొచ్చాయి. మామూలు జనానికి తర్ఫీదు ఇచ్చి, మంచాన పడ్డ రోగుల ఇళ్ళకు పంపించారు. ఖర్చులో ఎక్కువ భాగం స్థానికుల చిన్న చిన్న చందాలతోనే నడిచింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని చూసే ఉపశమన వైద్యానికి ఒక విధానం తెచ్చింది. దేశంలో ఏ రాష్ట్రమూ అంతకుముందు అలాంటిది చేయలేదు. మాస్టారు ఈ సంగతి చందాకు వెళ్ళినప్పుడు ప్రతి గడపలోనూ చెబుతాడు. ఆయన అనేదేమిటంటే, ఒకడు ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం ఒక రోగికి కొన్నాళ్ళే వస్తుంది, వందమంది నెలనెలా ఇచ్చేది వచ్చే ఏడాదికి కూడా మాట ఇవ్వగలదు. మా ఇల్లు దానికి సాక్ష్యం.

ఆ డబ్బు రోగి చేతికి ఇవ్వరు. మొదట్లో నాకు అది మనసుకు కష్టంగానే ఉంది, మమ్మల్ని నమ్మట్లేదా అని. తర్వాత అర్థమైంది. ఇంట్లో డబ్బు కనిపిస్తే ముందు అప్పులవాడు వస్తాడు, తర్వాత పిల్లల ఫీజు వస్తుంది, మందు చివరికి మిగులుతుంది. అందుకని మందుల షాపులో సంఘం పేరున ఖాతా ఉంది. చీటీ చూపిస్తే నెలకు సరిపడా మందులిచ్చి, బిల్లు సంఘానికి పంపుతారు. బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడిగి, జనరిక్ దొరికితే అదే తీసుకుంటారు. ప్రతి నెలా చివరి ఆదివారం జమాఖర్చులు బడి గదిలో గోడకు అంటిస్తారు. ఎవరికి ఇచ్చారో పేర్లు ఉండవు. ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది అన్నది మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు.

రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుంది, ఎరిత్రోపోయిటిన్. కిడ్నీలు పోతే ఒంట్లో అది తయారవడం తగ్గిపోతుంది కాబట్టి డయాలసిస్ వాళ్ళలో చాలామందికి బయటి నుంచి ఇవ్వాలి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా వీధిలోనే ఒక పెద్దావిడ తన ఫ్రిజ్‌లో ఒక డబ్బా మా కోసం కేటాయించింది. మందుతో పాటు మా పేరు, తేదీ రాసిన చీటీ ఆ డబ్బాలో ఉంటుంది. ఇంజెక్షన్ రోజున ఐస్ ప్యాక్ పెట్టిన చిన్న డబ్బాలో తీసుకెళ్తాం. మందు ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ మడిచి పెట్టాలని ఆవిడే నేర్పింది. ఆవిడ సంఘంలో సభ్యురాలు కాదు, చందా ఇవ్వలేదు, మీటింగుకు ఎప్పుడూ రాలేదు. ఇవ్వగలిగింది ఇచ్చింది. సంఘం గొప్పతనం నాకు ఇలాంటి చోటే కనిపిస్తుంది. ఎవరి దగ్గర ఏముందో వాళ్ళకు తెలుసు, దాన్ని అడగడానికి మొహమాటపడరు.

అందరికీ ఇవ్వగలిగినంత ఉండదు. ఎవరికి ముందు అన్న ప్రశ్న ప్రతి మీటింగులోనూ వస్తుంది, మనసులు నొచ్చుకుంటాయి. డయాలసిస్ చరిత్రలోనే ఈ ప్రశ్న ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960లో చేతి రక్తనాళాలకు అమర్చే గొట్టం కనిపెట్టాక, ఏళ్ళ తరబడి డయాలసిస్ చేస్తూ పోవడం మొదటిసారి సాధ్యమైంది. 1962లో సెంటర్ తెరిచారు గానీ మిషన్లు కొన్నే, రోగులు ఎందరో. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. అందులో డాక్టరు ఒక్కడే, మిగతావాళ్ళు పాదిరి, లాయరు, గృహిణి లాంటి మామూలు మనుషులు. ఆదాయం, కుటుంబం, సమాజానికి ఎంత ఉపయోగం, ఇలాంటివన్నీ చూసి ఎవరు బతకాలో వాళ్ళు నిర్ణయించారు. దాని మీద పెద్ద చర్చే నడిచింది. చివరికి 1972లో అక్కడి ప్రభుత్వమే చట్టం చేసి దాదాపు అందరి డయాలసిస్ ఖర్చూ భరించడానికి ఒప్పుకుంది. మా మాస్టారు ఈ కథ చెప్పి, "మనిషి విలువ మనం తూచకూడదు" అంటాడు. కాబట్టి మా దగ్గర మంచివాడా, తాగుబోతా, ఏ కులం, ఎవరి చుట్టం అన్నవి చర్చకు రావు. ఈ వారం సాయం ఆగితే ఎవరి డయాలసిస్ ఆగుతుంది, అదొక్కటే చూస్తారు. అయినా తప్పులు జరగవని కాదు. కానీ కొలత ఒకటే కావడం వల్ల దక్కనివాళ్ళకు కూడా అవమానం అనిపించదు.

అవమానం అంటే గుర్తొచ్చింది. బయటి నుంచి ఒక దాతల బృందం వచ్చి నలుగురు రోగులకు మందుల కిట్లు ఇస్తామంది. మంచి కిట్లే. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరినీ నిలబెట్టి, వెనక బ్యానర్ కట్టి, ఫొటో తీయాలన్నారు. మా ఆయన మెడలో అప్పటికి కాథెటర్ ఇంకా ఉంది. దాన్ని కనిపించేలా కండువా తీయమన్నారు. అక్క ముందుకొచ్చి, "ఫొటో వద్దు బాబూ, రసీదు ఇస్తాం, కావాలంటే లెక్కలు చూపిస్తాం" అంది. వాళ్ళు ఒప్పుకోలేదు, కిట్లు వెనక్కి పోయాయి. ఆ నెల మందులకు సంఘం అప్పు చేయాల్సి వచ్చింది. సంఘంలోనే కొందరు అక్కను తప్పుపట్టారు. నేను మాత్రం ఆ రోజు ఆవిడకు మనసులో దండం పెట్టుకున్నాను. మా పిల్లలు బడికి వెళ్తారు. వాళ్ళ స్నేహితుల ఫోన్లలో వాళ్ళ నాన్న అలా కనిపించకుండా ఆవిడ ఆపింది.

కాథెటర్ మెడలో ఎక్కువ కాలం ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం. చలి జ్వరం వస్తే పరుగెత్తాల్సిందే. అందుకని చేతిలో ఫిస్టులా చేయించుకోమంటారు. ధమనిని, సిరను కలిపి కుడతారు. ఆ నాళం లావెక్కి సూది పెట్టడానికి పనికొచ్చేసరికి కొన్ని వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మా ఆయన కుడిచేతి వాటం కాబట్టి ఎడమ చేతికి చేశారు. ఆయనకు దిగులు పట్టుకుంది. కత్తెర కుడిచేత్తో పట్టినా గుడ్డ సరిచేసేది, నెట్టేది ఎడమ చెయ్యే కదా. అంతకుముందే ఫిస్టులా ఉన్న ఒక మేస్త్రీని సంఘం మా ఇంటికి పంపింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, మా ఆయన వేళ్ళు పట్టుకుని అక్కడ ఆనించాడు. లోపల జివ్వుమని అదురుతోంది. "ఇది పొద్దున లేవగానే చూసుకో తమ్ముడూ. ఈ అదురు ఆగితే తిండి కూడా తినకుండా ఆసుపత్రికి పరుగెత్తు" అన్నాడు. ఆ చేతికి బీపీ పట్టా కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, దాని మీద పడుకోకూడదు, బరువు ఎత్తకూడదు. డాక్టరు చెప్పినవే ఇవన్నీ. కానీ అదే చేత్తో పనిచేసుకుంటూ బతుకుతున్న మనిషి చెబితే మా ఆయనకు నమ్మకం కుదిరింది.

తర్వాత సంఘం ఆయన పని గురించి ఆలోచించింది. దుకాణానికి పోయి రోజంతా కూర్చోలేడు. మోటారు పెట్టిన పాత కుట్టు మిషన్ ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టించారు, పెడల్ తొక్కే శ్రమ తప్పింది. ఇస్త్రీ పెట్టె బరువని ఆ పని మా పెద్దవాడు చేస్తాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆయన బడి యూనిఫారాలు కుడతాడు. డయాలసిస్ అయిన రోజు మాత్రం పనిచేయలేడు, చేయనివ్వం. వచ్చేది మునుపటి సంపాదనలో సగం కూడా కాదు. అయినా ఆయన మనిషిలా కూర్చుని కొలతలు తీసుకుంటున్నప్పుడు ఇంట్లో గాలే మారిపోయింది.

ఇంటివాళ్ళ మీటింగ్ ఒకటి విడిగా జరుగుతుంది, రోగులు రారు. నేను వద్దనుకుంటూనే వెళ్ళాను. అక్కడ ఎవరూ ధైర్యంగా ఉండమని చెప్పలేదు. ఒకామె, భర్త దాహం దాహమని అరుస్తుంటే నీళ్ళు ఇవ్వకుండా ఉండటం ఎంత నరకమో చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు, మా ఇంట్లోనూ అదే. నోరు పుక్కిలించి ఉమ్మేయడం, చిన్న ఐసు ముక్క చప్పరించడం, రోజుకు తాగాల్సినంతా ఒక సీసాలో పోసి దాంట్లోంచే తాగడం, ఉప్పు తగ్గిస్తే దాహం దానంతటదే తగ్గడం, ఇవి ఒకరి నుంచి ఒకరం నేర్చుకున్నాం. కోపాల గురించి మాట్లాడుకున్నాం. దీర్ఘరోగులకు డిప్రెషన్ రావడం ఎంత మామూలో, అది ఎలా మొండితనంగా కనిపిస్తుందో అక్క చెప్పింది. మా ఆయన డయాలసిస్‌కి రానని మొరాయించిన రోజులకు అర్థం అప్పుడు తెలిసింది. ఆయన్ని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం ఆ గదిలోనే వచ్చింది. నా బీపీ కూడా అక్కడే చూశారు. రోగిని చూసుకునే మనిషి ఒంటి గురించి ఎవరూ అడగరు కదా, అక్కడ అడుగుతారు.

సంఘం చేయలేనివి చాలా ఉన్నాయి. కిడ్నీ మార్పిడికయ్యే ఖర్చు వాళ్ళ తాహతుకు మించింది. సెంటర్లో ఖాళీ లేకపోతే మిషన్ తెచ్చివ్వలేరు. మా బండిలో వచ్చే నలుగురిలో ఒకతను, పెళ్ళి కూడా కాని కుర్రాడు, చనిపోయాడు. రోజూ కిటికీ పక్కన కూర్చుని, దిగేటప్పుడు అందరి సంచులూ అతనే అందించేవాడు. సంఘం వాళ్ళు అంత్యక్రియల ఏర్పాట్లు చూశారు, అతని తల్లి దగ్గరికి ఇప్పటికీ వెళ్తారు. రోగి పోయాక కూడా ఇంటి గడప తొక్కడం మానకపోవడం వాళ్ళలో నేను అందరికన్నా గౌరవించే గుణం.

మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. ఆ రోజు సంఘం వీధుల్లో బీపీ, షుగరు చూసి, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో స్ట్రిప్‌తో పరీక్ష చేస్తుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ ఎంతుందో రక్తపరీక్ష చేయించుకోమని చీటీ రాసిస్తుంది. మా ఆయన లాంటివాళ్ళను ముందుగా పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు. బీపీ ఉన్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకుంటే, కిడ్నీలు పూర్తిగా పోకముందే ఏళ్ళ తరబడి కాపాడుకునే అవకాశం ఉంది. నేను ఇప్పుడు ఆ రోజున పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుంటాను. మిగతా రోజుల్లో కొత్తగా డయాలసిస్ మొదలైన ఇళ్ళకు అక్కతో కలిసి వెళ్తాను. మందులన్నీ ఒకచోట పెట్టమని ఇప్పుడు చెప్పేది నేనే.

మీ దగ్గర ఇలాంటి సంఘం ఉందో లేదో తెలియకపోతే డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్లను, వార్డు నర్సులను అడగండి. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో వాళ్ళకు తెలుస్తుంది. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉంటే వాళ్ళకూ తెలుస్తుంది. లేకపోతే, అదే షిఫ్టులో వచ్చే నాలుగు కుటుంబాలు కలిసి బండి ఒకటి మాట్లాడుకోవడంతో మొదలుపెట్టొచ్చు. మా సంఘం కూడా అలాగే పుట్టిందట. ముందు రానూపోనూ ఏర్పాటు కుదరనివ్వండి, మందుల ఖాతా, చందాలు తర్వాత.

మాకు ప్రస్తుతం రాత్రి షిఫ్టుకు బండి లేదు. ఇద్దరు రోగులు ఆ షిఫ్టు నుంచి రాత్రిపూట ఒంటరిగా వస్తున్నారు. ఒకరికి చూపు సరిగా లేదు. వచ్చే ఆదివారం మీటింగులో ఆ సంగతే మాట్లాడాలి. స్కూలు వ్యాన్ డ్రైవరు తన తమ్ముడిని అడిగి చూస్తానన్నాడు.